టీ(9;22) అని రాసిన రిపోర్టు: అన్నయ్య మూలుగలో అసలు ఏం జరిగింది?

ప్రశ్న: గుంటూరు చెల్లెలు

అందరికీ నమస్కారం. మా అన్నయ్యకు 38 ఏళ్లు. ఎడమ డొక్క కింద బరువుగా ఉంటోందని, నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతోందని రెండు నెలలుగా అంటుంటే మేమంతా గ్యాస్ అనుకున్నాం. చివరికి రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు లక్షా ఎనభై వేలు ఉన్నాయి, ప్లీహం బాగా పెరిగిందని స్కానింగులో తేలింది. మూలుగ పరీక్ష తర్వాత క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ అని నిర్ధారించి, రోజుకు 400 మిల్లీగ్రాముల ఇమాటినిబ్ మాత్ర మొదలుపెట్టారు.

నేను కామర్స్ చదివి, కాలేజీలో అదే పాఠం చెప్పుకుంటున్నదాన్ని. అందుకని నా చేతిలో ఉన్న మూడు రిపోర్టులూ నాకు మూడు వేర్వేరు భాషల్లా కనిపిస్తున్నాయి. మొదటిదాంట్లో "46, ఎక్స్‌వై, టీ(9;22)(క్యూ34;క్యూ11.2)[20]" అని ఉంది. రెండోదాంట్లో, ఫిష్ పరీక్షలో 92 శాతం కణాలలో ఫ్యూజన్ సంకేతం కనిపించింది అని ఉంది. మూడోదాంట్లో బీసీఆర్-ఏబీఎల్1 పీ210 పాజిటివ్, 68 శాతం అని ఉంది. ఇవి మూడూ ఒకే సంగతిని చెబుతున్నాయా, లేక అన్నయ్యకు మూడు లోపాలు ఉన్నాయా? రెండు క్రోమోజోములు తమ ముక్కలను ఇచ్చిపుచ్చుకున్నాయని డాక్టరుగారు కాగితం మీద గీసి చూపించారు. ఏదీ పోలేదు, ఏదీ అదనంగా చేరలేదు, అటుది ఇటు వచ్చింది, అంతే. అంతమాత్రానికే క్యాన్సర్ ఎలా వస్తుందో నాకు బోధపడలేదు.

మరొక సంగతి కూడా అడగాలి. "జన్యువు" అనే మాట విన్నప్పటి నుంచీ మా అమ్మ ఇది తన పుట్టింటి వైపు నుంచి వచ్చిందేమోనని లోలోపల కుమిలిపోతోంది. అన్నయ్యకు ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లకు కూడా పరీక్ష చేయించాలా అని వదిన అడుగుతోంది. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: పాత మైక్రోస్కోపు

అమ్మా, ముందుగా మీ అమ్మగారికి చెప్పవలసిన మాట చెబుతాను. ఈ మార్పు మీ అన్నయ్యగారు పుట్టినప్పుడు ఆయన శరీరంలో లేదు. పెద్దవాడయ్యాక, మూలుగలోని ఒకే ఒక్క మూలకణంలో జరిగింది. ఆ కణం నుంచి పుట్టిన రక్తకణాలలోనే ఉంటుంది తప్ప, పిల్లలకు సంక్రమించే బీజకణాలలో ఉండదు. ఇది తల్లి నుంచి రాలేదు, కూతుళ్లకు పోదు. ఆ పిల్లలకు ఏ పరీక్షా అవసరం లేదు. ఈ వాక్యాన్ని ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

ఇక రిపోర్టుల సంగతి. నేను 22 ఏళ్లుగా సైటోజెనెటిక్స్ ల్యాబులో పనిచేస్తున్నాను, మొదటి రిపోర్టు లాంటివి తయారుచేయడమే నా పని. మూలుగ నమూనాను పోషకద్రవంలో ఒక రోజు పెంచుతాం. కణాలు విభజన మధ్యలో ఉండగా ఆపడానికి కాల్చిసిన్ జాతి రసాయనం వేస్తాం. మన పొలం గట్ల మీద పెరిగే అడవినాభి దుంపలో ఉండే విషం కూడా ఇదే. తర్వాత పలుచని పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచితే కణాలు ఉబ్బి, లోపలి క్రోమోజోములు విడివిడిగా పరుచుకుంటాయి. వాటిని గాజుపలక మీద చుక్కలుగా వేసి, రంగు పట్టించి చూస్తే ఒక్కో క్రోమోజోము మీద నల్లని, తెల్లని పట్టీలు కనిపిస్తాయి. మీ రిపోర్టులో 46 అంటే మొత్తం క్రోమోజోముల సంఖ్య, ఎక్స్‌వై అంటే మగవారిలో ఉండే జత, టీ(9;22) అంటే 9, 22 క్రోమోజోముల మధ్య ముక్కల మార్పిడి. క్యూ34, క్యూ11.2 అనేవి ఆ పట్టీల చిరునామాలు: క్యూ అంటే క్రోమోజోము పొడవాటి భుజం, సంఖ్య ఆ భుజంలో పట్టీ స్థానం. చివర బ్రాకెట్లో ఉన్న 20 అంటే, చూసిన ఇరవై కణాలలోనూ ఈ మార్పు ఉందని అర్థం.

"ఏదీ పోలేదు" అని మీరు రాసిన మాట నన్ను ఆపేసింది, ఎందుకంటే ఆ ముక్క పోలేదని తెలియడానికి శాస్త్రవేత్తలకే పదమూడేళ్లు పట్టింది. 1960లో ఫిలడెల్ఫియా నగరంలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు ఈ వ్యాధి ఉన్నవారి రక్తకణాలలో ఒక క్రోమోజోము అసాధారణంగా చిన్నదిగా ఉందని గుర్తించారు. అందుకే దానికి ఫిలడెల్ఫియా క్రోమోజోము అనే పేరు నిలిచింది. అప్పటికి పట్టీలు కనబడేలా రంగు వేసే పద్ధతి లేదు కాబట్టి, ముక్క ఊడిపోయి నశించిందనే అందరూ అనుకున్నారు. 1970ల మొదట్లో ఆ పద్ధతి వచ్చాక, షికాగో విశ్వవిద్యాలయంలో జానెట్ రౌలీ అనే వైద్యురాలు క్రోమోజోముల ఛాయాచిత్రాలను కత్తిరించి ఇంట్లో భోజనాల బల్ల మీద జతలు పేర్చుకుంటూ, 22వ క్రోమోజోము కోల్పోయిన ముక్క 9వ క్రోమోజోము కొసకు అతుక్కుని ఉందని 1973లో కనిపెట్టారు. ఆమె ఆ బల్ల ముందు కూర్చుంటే పిల్లలు అమ్మ కాగితపు బొమ్మలతో ఆడుకుంటోందని అనేవారట. 8, 21 క్రోమోజోముల మధ్య, 15, 17 క్రోమోజోముల మధ్య జరిగే మార్పిళ్లు కూడా ఆమె పరిశోధనలోనే తేలాయి. క్రోమోజోముల తారుమారు క్యాన్సర్ వచ్చాక జరిగే చెల్లాచెదురు కాదని, క్యాన్సర్‌కు అదే మూలం కావచ్చునని వైద్యలోకం నమ్మడం అక్కడి నుంచే మొదలైంది.

మీ రెండో రిపోర్టు, ఫిష్, ఇదే సంగతిని వేరే కంటితో చూస్తుంది. ఏబీఎల్1 జన్యువుకు ఎర్రగా మెరిసే తునకను, బీసీఆర్ జన్యువుకు పచ్చగా మెరిసే తునకను అతికించి చూస్తాం. ఆరోగ్యంగా ఉన్న కణంలో రెండు ఎరుపు, రెండు పచ్చ చుక్కలు విడివిడిగా ఉంటాయి. మార్పిడి జరిగిన కణంలో ఒక ఎరుపు, ఒక పచ్చ మిగిలి, ఎరుపూ పచ్చా కలిసి పసుపుగా కనిపించే చుక్కలు రెండు ఉంటాయి. దీనికి కణం విభజన చెందుతూ ఉండనవసరం లేదు కాబట్టి, ఇరవైకి బదులు వందల కణాలను లెక్కపెట్టవచ్చు. 92 శాతం అంటే ఆ లెక్క. మూడో రిపోర్టు గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు.

జవాబు: మొలక

పైన పెద్దాయన చెప్పిన చోటు నుంచి నేను అందుకుంటాను. నా పరిశోధన రక్తకణాల జన్యువుల మీదే. మీ మూడు రిపోర్టులూ ఒకే సంఘటనను మూడు లోతులలో చూపిస్తున్నాయి: మొదటిది క్రోమోజోమును, రెండోది జన్యువును, మూడోది ఆ జన్యువు నుంచి వెలువడిన ఆర్‌ఎన్ఏ సందేశాన్ని. కోవిడ్ కాలంలో మనందరికీ పరిచయమైన ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షే ఇది. అక్కడ వైరస్ ఆర్‌ఎన్ఏను వెతికారు, ఇక్కడ అతుకుపడిన జన్యువు ఆర్‌ఎన్ఏను వెతికి, అది ఎంత ఉందో శాతంలో చెబుతారు.

ఇక, ఇచ్చిపుచ్చుకుంటేనే క్యాన్సర్ ఎందుకు రావాలన్న మీ ప్రశ్న. ముక్కల మొత్తం మారలేదు, నిజమే. కాని తెగిన రెండు చోట్లూ రెండు జన్యువుల నడిమధ్యలో ఉన్నాయి. 9వ క్రోమోజోము మీద ఏబీఎల్1 అనే జన్యువు, 22వ క్రోమోజోము మీద బీసీఆర్ అనే జన్యువు. అతుకు పడినప్పుడు బీసీఆర్ మొదటి భాగమూ ఏబీఎల్1 చివరి భాగమూ కలిసి, మనిషి శరీరంలో అంతకు ముందు ఎన్నడూ లేని ఒక కొత్త జన్యువు తయారైంది. ఫిలడెల్ఫియా క్రోమోజోము మీద ఉన్నది అదే.

ఏబీఎల్1 తయారుచేసే ప్రోటీన్ ఒక కైనేజ్ ఎంజైము. ఇతర ప్రోటీన్ల మీద ఫాస్ఫేటును అతికించి, "ఇక విభజన చెందు" అనే ఆజ్ఞను ముందుకు పంపే పని దానిది. మామూలు కణంలో అది ఎక్కువసేపు ఆగిపోయే ఉంటుంది, ఎందుకంటే ఆ ప్రోటీన్ మొదటి కొసన మిరిస్టిక్ ఆమ్లం అనే చిన్న కొవ్వు తోక ఉండి, అది ఎంజైము దేహంలోని ఒక గుంటలోకి దూరి, తాళం వేసినట్టు దాన్ని బిగించి ఉంచుతుంది. అతుకు పడ్డప్పుడు సరిగ్గా ఆ కొసే తెగిపోయింది. దానికి బదులుగా వచ్చిచేరిన బీసీఆర్ ముక్కకు తనలాంటి ముక్కలతో జతకట్టే గుణం ఉంది, కాబట్టి ఈ ప్రోటీన్లు గుంపుగా చేరి ఒకదాన్నొకటి ఉత్తేజపరుచుకుంటాయి. బోరు మోటారుకు ఆపే బటన్ తీగ తెగిపోయి, పైగా స్టార్టరు నొక్కినచోటే ఇరుక్కుపోతే ఎలా ఉంటుందో ఆ కణంలో అలా ఉంది. తెల్లకణాలు లక్షా ఎనభై వేలకు చేరడానికి, ప్లీహం పెరగడానికి మూలం ఇదే.

ఈ కథలో నన్ను అన్నిటికన్నా కదిలించే భాగం మరొకటి ఉంది. మన జన్యువులలో అర్థవంతమైన భాగాల మధ్య పొడవాటి అడ్డభాగాలు ఉంటాయి, వాటిని ఇంట్రాన్లు అంటారు. ఆర్‌ఎన్ఏ తయారయ్యేటప్పుడు కణం వాటిని కత్తిరించి పారేస్తుంది. ఏబీఎల్1లో తెగే చోటు సాధారణంగా జన్యువు మొదట ఉన్న, లక్షకు మించిన అక్షరాల పొడవున్న ప్రాంతంలో ఎక్కడైనా పడవచ్చు. బీసీఆర్‌లో మాత్రం ఎక్కువమందికి సుమారు 5,800 అక్షరాల చిన్న పరిధిలోనే పడుతుంది. డీఎన్ఏ స్థాయిలో చూస్తే ఏ ఇద్దరు రోగులకూ అతుకు సరిగ్గా ఒకే చోట ఉండదు. కాని ఆ తేడాలన్నీ పారేసే భాగంలో పడతాయి కాబట్టి, చివరికి మిగిలే సందేశం దాదాపు అందరిలోనూ ఒకటో రెండో రూపాలలోనే ఉంటుంది. వాటిని ఈ13ఏ2, ఈ14ఏ2 అని పిలుస్తారు, రెండిటి నుంచీ వచ్చేది పీ210 ప్రోటీనే. గుంటూరు రోగికీ గ్లాస్గో రోగికీ ఒకే పీసీఆర్ పరీక్ష పనికిరావడానికి కారణం ఇదే.

ఎందుకు ఇవే రెండు జన్యువులు అంటే, కణకేంద్రకంలో 9, 22 క్రోమోజోములు మూలుగ కణాలలో ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయని పరిశోధనలు చూపాయి. రెండూ ఒకేసారి తెగినప్పుడు, మరమ్మతు చేసే ఎంజైములు పక్కనున్న తప్పు కొసను పట్టుకోవడం అప్పుడు సులువవుతుంది. రేడియేషన్ క్రోమోజోములు ఇలా తెగిపోవడాన్ని పెంచుతుంది. హిరోషిమాలో బాంబు దాడి నుంచి బతికి బయటపడినవారిలో ఈ వ్యాధి పెరగడం అలా జరిగినదే. కాని చాలామంది రోగులలో వేలెత్తి చూపగల కారణం ఏదీ దొరకదు. మీ అన్నయ్యగారు తిన్నదో చేసినదో ఏదో దీనికి కారణమని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు.

ఇమాటినిబ్ ఆ ఎంజైము ఇంధనం తీసుకునే గుంట దగ్గర ఇరుక్కుని, దాన్ని ఆగిన రూపంలోనే పట్టి ఉంచుతుంది. ఓరెగాన్‌లో బ్రయన్ డ్రూకర్ 1998లో దీన్ని మనుషులకు ఇవ్వడం మొదలుపెట్టారు. మొదటి అధ్యయనంలో రోజుకు 300 మిల్లీగ్రాములో అంతకు మించో తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క పూర్తిగా సర్దుకుంది. 2001 మే నెలలో అమెరికాలో అనుమతి వచ్చింది. 2021లో అనుమతి పొందిన ఆసిమినిబ్ అనే మందు మరింత ముచ్చటైనది: అది తెగిపోయిన ఆ కొవ్వు తోక దూరవలసిన గుంటలోనే కూర్చుని, పోయిన తాళాన్ని మళ్లీ వేస్తుంది.

జవాబు: పదకొండేళ్ల మాత్ర

చెల్లెమ్మా, నేను అదే మాత్రను పదకొండేళ్లుగా వేసుకుంటున్నాను. ఉద్యోగం చేస్తున్నాను, నిరుడు మా అమ్మాయి పెళ్లి చేశాను. కాళ్ల పిక్కలు పట్టేయడం, కళ్ల కింద ఉబ్బడం ఉన్నాయి, వాటికి అలవాటు పడ్డాను. ఇమాటినిబ్ ఇచ్చిన తొలి పెద్ద అధ్యయనంలో పదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు 83 శాతం పైన అని మా డాక్టరుగారు చెప్పిన రోజున నేను ఇంటికి వచ్చి కడుపు నిండా అన్నం తిన్నాను.

మీ మూడో రిపోర్టు గురించి ఒక రోగిగా రెండు మాటలు చెప్పాలి. ఇక మీదట మీ ఇంట్లో పండుగ తేదీలకన్నా ఎక్కువగా గుర్తుండేది ఆ శాతమే. మొదలుపెట్టిన మూడు నెలలకు 10 శాతానికి, ఆరు నెలలకు 1 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి దిగాలన్నది అందరూ పాటించే లక్ష్యం. ఒక మెట్టు ఆలస్యమైనంత మాత్రాన బెంబేలు పడవద్దు, డాక్టరు అన్ని అంకెలనూ కలిపి చూస్తారు. కాని ఆ శాతం "అంతర్జాతీయ కొలమానం" మీద ఇచ్చినదో కాదో రిపోర్టులో తప్పక చూడండి. నేను మూడో ఏట ఖర్చు కలిసివస్తుందని ల్యాబు మార్చాను. అంతవరకు 0.08 ఉన్న అంకె ఒక్కసారిగా 0.6 అని వచ్చింది. మందు పనిచేయడం మానేసిందనుకుని మూడు వారాలు నిద్రపోలేదు. చివరికి తేలింది ఏమంటే, ఆ కొత్త ల్యాబు తన సొంత లెక్కను అంతర్జాతీయ కొలమానానికి మార్చకుండానే ఇచ్చింది. అప్పటి నుంచి ఒకే ల్యాబులో చేయించుకుంటున్నాను.

ఇంకొకటి మాత్ర మానడం. ఒంట్లో బాగుందని వారానికి ఒకటి రెండు వదిలేయాలనిపించే కాలం తప్పకుండా వస్తుంది. లండన్‌లో జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఇవ్వవలసిన మాత్రలలో 90 శాతానికి మించి వేసుకున్నవారిలో దాదాపు 95 శాతం మంది ఆరేళ్లలో 0.1 స్థాయికి చేరే అవకాశం కనిపించగా, అంతకు తక్కువ వేసుకున్నవారిలో అది 28 శాతానికే పరిమితమైంది. అంటే నెలకు మూడు మాత్రలు వదిలేయడంతోనే కథ మారిపోతుంది. మా ఇంట్లో మాత్రల డబ్బా దేవుడి గూట్లో దీపం పక్కన ఉంటుంది. దీపం పెట్టడం మరువని ఇల్లు మాత్రనూ మరువదని మా ఆవిడ నమ్మకం.

మళ్లీ ప్రశ్న: గుంటూరు చెల్లెలు

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మొదటి జవాబులోని మొదటి పేరా అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుని, తర్వాత లేచి వెళ్లి స్నానం చేసి దేవుడికి దండం పెట్టుకుంది.

మరొక సందేహం. మా కాలేజీలో పనిచేసే ఒక సారు కుమారుడికి, పందొమ్మిదేళ్ల పిల్లవాడికి, గత నెలలో చిగుళ్ల నుంచి రక్తం కారడం, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపించాయి. అతనికి కూడా రక్త క్యాన్సరే, రిపోర్టులో 15, 17 అని ఉందట. కాని మా అన్నయ్యను నిదానంగా చూసిన వైద్యులు అతణ్ని అదే రాత్రి చేర్చుకుని, రిపోర్టు రాకముందే ఏవో గొట్టం మాత్రలు మింగించారు, ఇప్పుడు రోజూ ఆర్సెనిక్ ఎక్కిస్తున్నారు. పాషాణం ఎక్కిస్తున్నారని విని వాళ్ల నాయనమ్మ గొల్లుమందట. రెండూ క్రోమోజోముల అతుకులే కదా, వైద్యం ఇంత వేరుగా ఎందుకుంది?

జవాబు: రాత్రి డ్యూటీ డాక్టరు

నేను రక్తవ్యాధుల విభాగంలో పనిచేస్తున్నాను. మీరు వర్ణించినది అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా. ఆ రాత్రి వైద్యులు చేసినది నూటికి నూరుపాళ్లు సరైన పని. ఈ వ్యాధిలో తొలి రోజులలో ప్రాణం తీసేది క్యాన్సర్ పెరుగుదల కాదు, రక్తస్రావం. క్యాన్సర్ కణాలలోని పదార్థాలు రక్తం గడ్డకట్టే వ్యవస్థను అదుపు తప్పించి, గడ్డకట్టే పదార్థాలను ఖాళీ చేసేస్తాయి. మెదడులో రక్తం చిమ్మితే మనం చేయగలిగినది చాలా తక్కువ. అందుకే మైక్రోస్కోపులో అనుమానం కలిగిన వెంటనే, జన్యుపరీక్ష ఫలితం కోసం ఎదురుచూడకుండా, ట్రెటినాయిన్ గొట్టం మాత్రలు మొదలుపెట్టాలన్నది ప్రపంచమంతటా అంగీకరించిన నియమం. చిగుళ్ల రక్తం, కమిలిన మచ్చలు, జ్వరం కలిసి వస్తే రేపు చూద్దామనుకోకూడదని ఇది చదివే ప్రతి ఒక్కరినీ వేడుకుంటున్నాను.

ఇక అతుకుల మధ్య తేడా. మీ అన్నయ్యగారి అతుకు ఆగవలసిన ఎంజైమును ఆగనివ్వదు. ఈ పిల్లవాడి అతుకు అందుకు భిన్నంగా, ఎదగవలసిన కణాన్ని ఎదగనివ్వదు. 17వ క్రోమోజోము మీద ఉన్న ఆర్‌ఏఆర్‌ఏ జన్యువు విటమిన్ ఏ నుంచి వచ్చే రెటినాయిక్ ఆమ్లాన్ని అందుకునే ప్రోటీన్‌ను ఇస్తుంది. మూలుగలో పసికణం పెరిగి పెద్ద తెల్లకణం కావడానికి అవసరమైన జన్యువులను తెరవడంలో దానికి పాత్ర ఉంది. 15వ క్రోమోజోము మీది పీఎంఎల్ జన్యువుతో అది అతుకుపడితే, పుట్టిన సంకర ప్రోటీన్ ఆ జన్యువుల మీదే తిష్ఠ వేసి వాటిని మూసేస్తుంది. శరీరంలో మామూలుగా ఉండే రెటినాయిక్ ఆమ్లం దాన్ని కదిలించడానికి చాలదు. కణాలు ప్రోమైలోసైట్ అనే నడిమి దశలోనే నిలిచిపోయి గుంపులు గుంపులుగా పేరుకుంటాయి.

ట్రెటినాయిన్ అంటే ఎక్కువ మోతాదులో ఇచ్చే రెటినాయిక్ ఆమ్లమే. ఆ మోతాదుకు సంకర ప్రోటీన్ పట్టు సడలుతుంది, ఆగిన కణాలు మళ్లీ ఎదగడం మొదలుపెడతాయి. క్యాన్సర్ కణాన్ని చంపకుండా దాన్ని పెద్దదాన్ని చేసి, ఆయుష్షు తీరి తానే పోయేలా చేయడమన్నమాట. షాంఘైలో వాంగ్ ఝెన్యీ బృందం 1988లో ప్రచురించిన 24 మంది రోగులూ ఈ మందుతో పూర్తి ఉపశమనానికి చేరారు. ఆర్సెనిక్ వాడకం కూడా చైనాలోనే, హార్బిన్ నగరంలో 1970లలో మొదలైంది. సంప్రదాయ వైద్యంలోని మందు నుంచి అక్కడివారు దాన్ని వేరుచేశారు. ఆర్సెనిక్ ఆ సంకర ప్రోటీన్‌లోని పీఎంఎల్ భాగానికి అంటుకుని, కణం దాన్ని చెత్తగా గుర్తించి నాశనం చేసేలా చేస్తుంది. ఒక మందు ప్రోటీన్‌కు ఒక కొసను, మరొక మందు ఇంకొక కొసను పట్టుకుంటాయి. 2013లో ఇటలీ, జర్మనీ వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, ప్రమాదం తక్కువ, మధ్యస్థంగా ఉన్న రోగులకు కీమోథెరపీ లేకుండా ఈ రెండే ఇస్తే రెండేళ్లకు 97 శాతం మంది ఏ ఎదురుదెబ్బా లేకుండా ఉన్నారు. మన దేశంలో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు, ఖరీదైన మందులు కొనలేని రోగుల కోసం, ఆర్సెనిక్ ఒక్కదానితోనే చికిత్స చేసి మంచి ఫలితాలను 2006లోనే ప్రచురించారు. ఆ పని మీద నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేనిది.

ఆ నాయనమ్మగారికి చెప్పండి: అది పాషాణమే, కాని మోతాదు తూచి, గుండె లయను ఈసీజీలో చూస్తూ, పొటాషియం, మెగ్నీషియం సరిచేస్తూ ఇస్తారు. ఆయాసం, జ్వరం, ఉన్నట్టుండి బరువు పెరగడం కనిపిస్తే మాత్రం వెంటనే నర్సుకు చెప్పాలి. ఎదుగుతున్న కణాలు ఊపిరితిత్తులలో చేరి ఇబ్బంది పెట్టే దశ ఒకటి ఉంటుంది, దానికి స్టెరాయిడ్ వెంటనే ఇవ్వాలి.

జవాబు: నాలుగేళ్ల పాప నాన్న

నేను వైద్యం తెలిసినవాణ్ని కాను. ఇక్కడ తల్లి బెంగ గురించి చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. మా పాపకు నిరుడు లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా వచ్చింది. రిపోర్టులో 12, 21 అని, ఈటీవీ6-రన్‌ఎక్స్1 అని ఉంది. పిల్లలలో వచ్చే బీ రకం లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాలో నాలుగింట ఒక వంతు ఇదేనని, చికిత్సకు బాగా లొంగే రకమని చెప్పారు. మా పాప క్యారియోటైపు రిపోర్టులో, అంటే క్రోమోజోముల పట్టీలు చూసే పరీక్షలో, అంతా మామూలుగా ఉందని వచ్చి, ఫిష్‌లో మాత్రమే ఇది దొరికింది. మారిన రెండు ముక్కలూ పట్టీలలో ఒకేలా కనిపిస్తాయి కాబట్టి కంటికి దొరకదట.

ఆ తర్వాత డాక్టరుగారు ఈ అతుకు పాప కడుపులో ఉండగానే పడి ఉండవచ్చునని అన్నారు. అది విని నా భార్య, గర్భంతో ఉన్నప్పుడు తాను వేసుకున్న ప్రతి మాత్రనూ, తిన్న ప్రతిదాన్నీ తలచుకుంటూ నెలరోజులు తనను తాను శిక్షించుకుంది. అప్పుడు ఆ డాక్టరుగారే కూర్చోబెట్టి వివరించారు. ఒకే మాయ పంచుకున్న కవల పిల్లలిద్దరికీ ఈ వ్యాధి వచ్చినప్పుడు చూస్తే, ఇద్దరిలోనూ డీఎన్ఏ అతుకు అక్షరం తేడా లేకుండా ఒకే చోట ఉందట. పైన ఒకరు రాసినట్టు ఏ ఇద్దరు రోగులకూ అతుకు ఒకే చోట పడదు కాబట్టి, ఆ కణం ఒక బిడ్డలో పుట్టి మాయ ద్వారా రెండో బిడ్డలోకి పోయిందనే అర్థం. మెల్ గ్రీవ్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త బృందం, రోగులైన పిల్లలు పుట్టినప్పుడు మడమ నుంచి తీసి దాచిన ఎండు రక్తపు చుక్కలలో కూడా ఈ అతుకును కనుక్కుంది. కాని ఈ అతుకుతో పుట్టే పిల్లలలో వ్యాధి వచ్చేది చాలా కొద్దిమందికే. ఒక కవలకు వస్తే రెండోవారికి వచ్చే అవకాశం కూడా పదింట ఒకటి మాత్రమే, ఎందుకంటే ఆ అతుకు ఒక్కటే చాలదు, తర్వాతి ఏళ్లలో మరికొన్ని జన్యువులు కూడా దెబ్బతినాలి. పుట్టుకతో ఉండటం వేరు, తల్లిదండ్రుల నుంచి రావడం వేరు. ఈ రెండిటి మధ్య తేడా తెలియకపోవడం వల్ల మా ఇంట్లో ఒక నెల చీకటిగా గడిచింది. అందుకే రాశాను.

జవాబు: మొలక

నాన్నగారు చెప్పిన వాదనకు ఒక్క మాట కలుపుతాను. నెలల పసికందులకు వచ్చే లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాలో నాలుగింట మూడు వంతుల దాకా 11వ క్రోమోజోము మీది కేఎంటీ2ఏ జన్యువు అతుకులు ఉంటాయి. అక్కడ మాత్రం ఆ ఒక్క అతుకే దాదాపు అంతా చేసేస్తుంది, అందుకే వ్యాధి అంత త్వరగా వస్తుంది. ఇదే జన్యువు ఎటోపోసైడ్ వంటి కీమో మందులు వాడిన కొందరిలో, సాధారణంగా ఒకటి నుంచి మూడేళ్లలో, తెగి అతుకుపడటం చూస్తాం. ఈ జన్యువు అతుకులున్న ల్యుకేమియాకు ఇచ్చే రెవుమెనిబ్ అనే మందుకు 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది.

మళ్లీ: గుంటూరు చెల్లెలు

ఇవన్నీ చదివాక అన్నయ్య ఫైలు మళ్లీ తీశాను. మూడో రిపోర్టులో 68 శాతం అంతర్జాతీయ కొలమానం మీద ఇచ్చినదే, చిన్న అక్షరాలలో ఉంది. కాని ఈ13ఏ2నా, ఈ14ఏ2నా అన్నది రాయలేదు. ల్యాబుకు ఫోను చేస్తే ఈ14ఏ2 అని చెప్పి, సవరించిన రిపోర్టు పంపుతామన్నారు. అది అంత ముఖ్యమా? మాత్రతో శాతం తగ్గుతున్నప్పుడు మూలుగ పరీక్ష మళ్లీ మళ్లీ చేయించాలా? మొదటిసారే అన్నయ్య చాలా నొప్పి పడ్డాడు.

జవాబు: పాత మైక్రోస్కోపు

ముఖ్యమేనమ్మా. అరుదుగా కొందరిలో ఈ1ఏ2, ఈ19ఏ2 వంటి వేరే రూపాలు ఉంటాయి. మామూలుగా వాడే పీ210 పరీక్ష వాటిని పట్టుకోలేదు. మొదటిరోజు ఏ రూపమో రాసి పెట్టుకోకపోతే, తర్వాత ఎప్పుడో "కనబడలేదు" అని వచ్చినప్పుడు వ్యాధి తగ్గిందో, పరీక్ష గుడ్డిదో తెలియదు. మీ అన్నయ్యగారిది ఈ14ఏ2 కాబట్టి ఆ భయం లేదు. ఆ కాగితాన్ని ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టండి.

మూలుగ పరీక్ష మళ్లీ మళ్లీ అవసరం ఉండదు. అంకెలు అనుకున్నట్టు దిగుతుంటే మూడు నెలలకొకసారి చేతి నుంచి తీసిన రక్తంతో పీసీఆర్ చేస్తే సరిపోతుంది. అంకె దిగకపోయినా, దిగి మళ్లీ పెరిగినా మాత్రం, ముందు మాత్రలు క్రమంగా వేసుకుంటున్నారా అని అడుగుతారు, తర్వాత ఏబీఎల్1 భాగంలో కొత్త మార్పు వచ్చిందేమో చూస్తారు. ఉదాహరణకు టీ315ఐ అనే ఒక్క అక్షరపు మార్పు వస్తే ఇమాటినిబ్ ఇరుక్కునే చోటు మూసుకుపోతుంది. అప్పుడు పోనాటినిబ్ వంటి మందులకు మారతారు. అలాంటి సందర్భంలో మూలుగ పరీక్ష కూడా మళ్లీ చేస్తారు, ఎందుకంటే 8వ క్రోమోజోము మూడో ప్రతి, రెండో ఫిలడెల్ఫియా క్రోమోజోము, 17వ క్రోమోజోము రూపం మారడం వంటి అదనపు మార్పులు మూలుగలోనే బాగా కనిపిస్తాయి, అవి కనిపిస్తే వ్యాధి ముదురుతోందని అర్థం. మీ అన్నయ్యగారి మొదటి రిపోర్టులో ఆ ఒక్క టీ(9;22) తప్ప ఇరవై కణాలలోనూ ఇంకేమీ లేదు. మా ల్యాబులో అలాంటి పలక చూసినప్పుడు, రాసే చెయ్యి కొంచెం తేలికగా కదులుతుంది.